ఇనుపన్న గుండెలో దీపం

ఇనుపన్న బోర్లా పడి ఉన్నాడు. వీపు తెరిచి ఉంది. లోపల మనిషి లేడు.

ముప్పై ఏళ్ల పైమాట. ‘చుక్కల అవతల’ సీరియల్ టీవీలో వచ్చే వేళకి వీధుల్లో పిల్లలు కనబడేవారు కాదు. తూనీగ అనే అంతరిక్ష నౌక, దాన్ని నడిపే కెప్టెన్, చుక్క అనే పిల్లాడు, వాడికి తోడుగా ఇనుపన్న అనే మరమనిషి. ఇప్పుడు ఆ కథనే మళ్లీ కొత్తగా తీస్తున్నారు. నౌక కొత్తది, నటులు కొత్తవాళ్లు. తెర మీద పాతవి రెండే మిగిలాయి. ఒకటి ఇనుపన్న తొడుగు, రెండు అప్పుడూ ఇప్పుడూ ఆ తొడుగులో దూరిన మనిషి. ఆయన్ని యూనిట్‌లో అందరూ డబ్బా తాత అంటారు. ఆ తాతే పొద్దున షాట్ నడుస్తుండగా తొడుగులో ఊపిరాడక కుప్పకూలాడు. ఇప్పుడు పక్క వీధి ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

నత్త తొడుగు పక్కన గొంతుక్కూర్చున్నాడు. నత్త అన్నది పోలీసు ఉద్యోగంలో ఉండగా తోటివాళ్లు పెట్టిన పేరు. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నా పేరు మాత్రం వెంటే వచ్చింది. ఆయన కూర్చుని చాలాసేపయింది. చేత్తో ఏదీ ముట్టుకోలేదు. జబ్బు చేసిన ఎద్దు డొక్కల వంక రైతు చూసినట్టు, ఆ ఇనప వీపు వంక చూస్తున్నాడు.

“ఏంటి గురువుగారూ, ఇక్కడే నారు పోస్తారా? నీళ్లు తెప్పించమంటారా?” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఒకప్పుడు నత్త దగ్గర పని నేర్చుకున్నవాడే. గురువుగారూ అన్న మాట అప్పుడు గౌరవంగా వచ్చేది.

నత్త తల తిప్పలేదు. “ఆ స్పాంజి ఎక్కడ దొరికింది?”

“మీకు చెప్పాల్సిన పని లేదు. అయినా చెప్తా, పాత బాకీ అనుకోండి. మెడ కింద గాలి రావడానికి జల్లెడలాంటి కన్నం ఉంది చూడండి, అందులో కుక్కి ఉంది. దాని మీద చిన్న రేకు తలుపు, అది కూడా మూసేసి ఉంది. అచ్చం అలాంటి నల్ల స్పాంజే ఆయన కూతురు కుట్టుపెట్టెలో దొరికింది. తొడుగు తొడిగిందీ ఆవిడే, వెనక నాలుగు గొళ్లాలు బిగించిందీ ఆవిడే. నిన్న యూనిట్ అంతా వింటుండగా తండ్రితో పోట్లాడింది కూడా. ‘ఈ వయసులో ఆ డబ్బాలో దూరి చస్తావా’ అంది. ఇంకేం కావాలి? సాయంత్రం లోపల స్టేషన్‌కి తీసుకెళ్తున్నా. ముసలాయన పోతే హత్య కేసు, బతికితే హత్యాయత్నం.”

మూల కుర్చీలో కూర్చున్న ఆడమనిషి తలెత్తింది. నలభై దాటి ఉంటాయి. వేళ్ల చివర్లు సూది పోట్లతో గరుకుదేలి ఉన్నాయి. పక్కన ఒక ఆడ కానిస్టేబుల్ నిలబడి ఉంది.

“ఇంట్లో తిండి మానేసి తిరుగుతుంటే చస్తావా అనరా? మీ ఇంట్లో అనరా?” అంది ఇన్‌స్పెక్టర్‌తో. గొంతులో ఏడుపు లేదు, విసుగుంది.

“మా ఇంట్లో అన్నాక స్పాంజి కుక్కరు.”

నత్త లేచి వెళ్లి ఆమె ముందు నేల మీదే కూర్చున్నాడు. కుర్చీ ఇవ్వబోతే వద్దన్నాడు.

“మీ నాన్న నాకు పొద్దున ఫోన్ చేశాడమ్మా.”

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఇన్‌స్పెక్టర్ కూడా ఒక అడుగు దగ్గరకి వచ్చాడు.

“పోయిన వారం ఇదే షూటింగ్ ఫ్లోర్‌లో ఎత్తు మీద నించి పడి వడ్రంగి చనిపోయాడు కదా. ఆయన భార్య ఆ సంగతి చూడమని నన్ను పెట్టుకుంది. పడకుండా కట్టిన కమ్మీని వడ్రంగే ఊడదీసుకున్నాడని కంపెనీ చెప్తోంది. మా ఆయన అలాంటి పని చెయ్యడని ఆవిడ అంటోంది. మీ నాన్న ఫోన్‌లో ఏమన్నాడంటే... ‘ఆ కమ్మీ ఎవరు తీయించారో నాకు తెలుసు బాబూ, షూటింగ్ అయ్యాక రా. డబ్బాలో ఉన్నవాడి ముందు జనం ఏదైనా మాట్లాడేసుకుంటారు’ అన్నాడు. ఎవరు మాట్లాడుకోగా విన్నాడో నీకేమైనా చెప్పాడా?”

“లేదండీ. రెండ్రోజుల నించీ ముభావంగా ఉన్నాడు. ‘వాడికే చెప్పి చూస్తాను, వాడే ఒప్పుకుంటే బాగుంటుంది’ అన్నాడు ఒకసారి. వాడెవడని అడిగితే మాట్లాడలేదు.”

“పొద్దున తొడిగాక కన్నం చూశావా?”

“రోజూ చూస్తా. గొళ్లాలు వేశాక అరచెయ్యి ఆనిస్తాను, నాన్న లోపల నించి ఉఫ్ అని ఊదుతాడు. చేతికి వెచ్చగా తగిలితేనే పక్కకొస్తాను. పొద్దునా ఊదాడు. రేకు తలుపు తెరిచే వదిలాను. తర్వాత డైరెక్టర్ గారు ఎమోషన్ సీను, మనుషులు తక్కువుండాలి అని నన్ను బయటికి పంపేశారు. ఎప్పుడూ పంపలేదు. నేను ఫ్లోర్‌లో ఉండుంటే దీపం చూసేదాన్ని.”

“ఏ దీపం?”

“ఇదిగో, మొదలైంది దీపం కథ,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“ఇనుపన్న గుండె మీద ఎర్ర దీపం ఉంటుంది కదండీ. అది అలంకారమనుకుంటారు అందరూ. లోపల గడ్డం కింద నాన్నకో బొత్తాం ఉంది. లోపల అరిచినా బయటికి గొణుగుడే వినిపిస్తుంది, చేతులు మోచేతి దగ్గర వంగవు. అందుకని ఆ రోజుల్లో నాన్నే పెట్టించుకున్నాడు. దీపం ఆరి వెలుగుతుంటే అంతా బాగున్నట్టు. ఆరకుండా వెలుగుతూ ఉంటే... నన్ను బయటికి తియ్యండి అని.”

నత్త ఇన్‌స్పెక్టర్ వంక చూశాడు. “పొద్దున దీపం ఎలా వెలిగిందని చెప్పారు మీకు?”

ఇన్‌స్పెక్టర్ గడ్డం గోక్కున్నాడు. “ఆరకుండానే వెలిగిందట. మ్యూజిక్ గట్టిగా పెట్టారట, సీన్ రక్తి కట్టడానికి. ఎవరూ కదలకండి, తాత ప్రాణం పెట్టి చేస్తున్నాడు అన్నారట డైరెక్టర్ గారు. ఆయనకేం తెలుసు పాపం, నటన అనుకున్నారు. దీపం సంగతి తెలిసింది ఈవిడ ఒక్కత్తికే. అంటే ఇంకా ఈవిడ మీదకే వస్తుంది, చూసుకోండి.”

*

డైరెక్టర్ మానిటర్ల గదిలో ఉన్నాడు. సన్నటి మనిషి. నల్ల చొక్కా, నిద్రలేని కళ్లు. నత్త లోపలికి రాగానే లేచి నిలబడి, ఆయన కూర్చున్నాకే కూర్చున్నాడు.

“తాత ఎలా ఉన్నాడు? ఏమైనా తెలిసిందా?”

“అలాగే ఉన్నాడట. మీరు ఇదంతా పాతదానికి అచ్చుగుద్దినట్టు తీస్తున్నారని విన్నాను.”

డైరెక్టర్ మొహంలో మొదటిసారి కాస్త వెలుగు కనబడింది. “స్క్రూ కూడా మార్చలేదండీ. గోడ మీద గీతలు, కుర్చీల రంగు, తలుపు చప్పుడు, అన్నీ అవే. ఆ సీరియల్ చూసి పెరిగినవాళ్లు ఒక్కటి తేడా వచ్చినా మమ్మల్ని బతకనివ్వరు. ఇది చూడండి.”

రెండు మానిటర్లలో రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాడు. ఎడమ పక్క పాతది, కుడి పక్క పొద్దున తీసినది. రెండింట్లోనూ ఖాళీ కుర్చీ. కెప్టెన్ చనిపోయాడు. కుర్చీ పక్కన ఇనుపన్న ఒంటరిగా నిలబడి ఉన్నాడు. రెండింట్లోనూ గుండె మీద దీపం ఆరకుండా వెలుగుతోంది.

“మరమనిషికి మొదటిసారి దుఃఖం కలగడం,” అన్నాడు డైరెక్టర్ మెల్లగా. “ఈ దీపాన్ని చూసి ఏడవని ఇల్లు లేదండీ అప్పట్లో.”

“దీపం ఎవరు వెలిగిస్తారు?”

“తాతే, లోపల నించి. ఎలాగో నాకు తెలీదు. ఆ వైర్ల జోలికి నేను పోలేదు.”

“దాని అర్థం?”

“అర్థమేముంది? దుఃఖం.”

నత్త తలూపాడు. ఎడమ పక్క బొమ్మ ఇంకా నడుస్తోంది. నౌక తలుపు తెరుచుకుంది. ఆరేడేళ్ల పిల్లాడు, చుక్క, పరిగెత్తుకొచ్చి ఇనుపన్నని వెనక నించి గట్టిగా వాటేసుకున్నాడు. బుగ్గ ఇనప వీపుకి ఆనించాడు. కాసేపటికి దీపం ఆరింది, వెలిగింది, ఆరింది, వెలిగింది. కుడి పక్క బొమ్మలో తలుపు తెరుచుకోలేదు. పిల్లాడు రాలేదు.

“కొత్తదాంట్లో పిల్లాడు లేడే,” అన్నాడు నత్త.

“తీసేశాం. ఈ కాలానికి అది మరీ ఏడుపుగొట్టుగా ఉంటుంది.”

“స్క్రూ కూడా మార్చలేదన్నారు.”

డైరెక్టర్ నవ్వాడు. పెదాలతో మాత్రమే. “మీరు సీరియల్స్ చూడరనుకుంటా.”

“మా ఊళ్లో టీవీ ఒక్కటే ఉండేది. దాని ముందు పెద్దవాళ్లు కూర్చునేవారు. మాకు వెనక సందులోంచి జనం వీపులే కనబడేవి.”

డైరెక్టర్ జేబులో ఫోన్ అదిరింది. తెర చూశాడు. మొహం ఒక్క క్షణం గచ్చులా గట్టిపడి, మళ్లీ మామూలయింది. “నిర్మాత పిలుస్తున్నారు. మీరు చూస్తూ ఉండండి, ఏం కావాలన్నా మా వాళ్లని అడగండి,” అని బయటికి నడిచాడు. పరిగెత్తలేదు. పరిగెత్తకుండా ఉండటానికి కష్టపడుతున్నవాడి నడక అది.

నత్త ఎడమ పక్క బొమ్మని వెనక్కి తిప్పించాడు. మళ్లీ చూశాడు. మూడోసారి పిల్లాడి మొహం చూడలేదు, చెయ్యి చూశాడు. ఎడమ చెయ్యి ఇనుపన్న నడుము చుట్టూ ఉంది. కుడి చెయ్యి మెడ కిందకి పాకింది. ఏదో లాగింది. అప్పుడు ఇనుపన్న భుజాలు ఒక్కసారి పైకి లేచి దిగాయి. ఆ తర్వాతే దీపం ఆరి వెలగడం మొదలెట్టింది.

దుఃఖం తీరితే భుజాలు అలా లేవవు. నీళ్లలో మునిగినవాడు పైకి తేలితే లేస్తాయి.

*

నత్త మళ్లీ ఫ్లోర్‌లోకి వచ్చాడు. తాత కూతురి దగ్గరకి వెళ్లి అడిగాడు.

“ఆ రోజుల్లో షాట్‌లో రేకు తలుపు మూసేసేవారా?”

“మూసేవారు. కన్నం కెమెరాకి కనబడితే డబ్బాలో మనిషి ఉన్నట్టు తెలిసిపోతుంది కదా.”

“దీపం ఆగకుండా వెలిగితే షాట్ ఆపేవారా?”

“ఫిల్ము వృథా అవుతుందని ఆపేవారు కాదట. చుక్క వచ్చి వాటేసుకుని తలుపు తీసేవాడట. ఆ వాటేసుకోవడం కథలో లేదండీ, నాన్నకి గాలి కోసం పెట్టింది. జనానికి నచ్చిందని తర్వాత కథలో కలిపేశారు. వాడు నా ప్రాణదాత అనేవాడు నాన్న. అందుకే ఈ వయసులో వాడు అడగ్గానే కాదనలేకపోయాడు.”

“వాడంటే?”

“చుక్క అండీ. మా డైరెక్టర్ గారే కదా. చిన్నప్పుడు ఆయనే చుక్క. అందరికీ తెలుసు.”

అందరికీ తెలుసు. అందుకే నత్తకి ఎవరూ చెప్పలేదు.

ఆయన కండువా తీసి కుర్చీ మీద వేశాడు, చొక్కా చేతులు మడిచాడు. “నేను ఇందులో దూరతాను. గొళ్లాలు వెయ్యి తల్లీ. రేకు తలుపు కూడా ముయ్యి. వెనక నించి వాటేసుకున్నవాడి చెయ్యి కన్నం దాకా వస్తే లోపలున్నవాడికి తెలుస్తుందో లేదో చూడాలి.”

“గురువుగారికి వేషాల సరదా పుట్టింది,” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “కానివ్వండి. ఫొటో తీసుకుంటా.”

తొడుగుని నిలబెట్టారు. లోపల తాత చెమట వాసన ఇంకా ఉంది. నోటి దగ్గరంతా దళసరి నురుగు మెత్త. చెవుల దగ్గర రెండు గొట్టాలున్నాయి, డైరెక్టర్ మాట లోపలికి వినబడటానికి. కళ్ల దగ్గర సన్నటి చీలిక. గడ్డం కింద బొత్తాం, అరిగి అరిగి చింతగింజలా నున్నగా ఉంది. వెనక ఒక్కొక్క గొళ్లెమే పడింది. చివర రేకు తలుపు టక్కుమంది.

గాలి ఆగిపోయింది. ఊరికే ఆగలేదు, ఎవరో పట్టుకున్నట్టు ఆగింది.

“ఇక చాలమ్మా, నువ్వు జీపెక్కు,” ఇన్‌స్పెక్టర్ గొంతు గొట్టంలోంచి స్పష్టంగా వినిపించింది. “తీసుకెళ్లండి ఈవిణ్ణి.”

“లోపల ఆయన...”

“నేను తీస్తాలే. నోరు మూసుకుని ఉండటం ఆయనకి అలవాటే. కాసేపు ఉండనీ.”

అడుగులు దూరమయ్యాయి. నత్త అరిచాడు. తన అరుపు తనకే మెత్తలో గుద్దుకుని ఆగిపోయింది. చీలికలోంచి ఇన్‌స్పెక్టర్ సగం కనబడుతున్నాడు. ఫోన్ మోగింది. ఆయన మాట్లాడుతూ మెల్లగా ఇటు వీపు తిప్పాడు.

“నమస్తే సార్. అయిపోయింది సార్, కూతుర్ని తీసుకొస్తున్నాం... అవును సార్, ముసలాయన కళ్లు తెరిచాడట. ఇందాకే కబురొచ్చింది... మాట ఇంకా రాలేదట, చేత్తో ఏదో చూపిస్తున్నాడట... డైరెక్టర్ గారు బయల్దేరారు సార్. ముందు నేనొక్కణ్ణే చూస్తాను, నన్ను చూస్తే ధైర్యం వస్తుంది అన్నారు. సరేనన్నాను. మా కానిస్టేబుల్‌ని గుమ్మం అవతల ఉండమని చెప్పా... లేదు సార్, ఆయన మీద అనుమానమేంటి. ముసలాయనంటే ప్రాణం. పొద్దున షాట్‌కి ముందు కూడా వెళ్లి వెనక నించి వాటేసుకున్నారట, చిన్నప్పటిలాగే. ఫ్లోర్‌లో ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారట సార్. కొందరు ఏడ్చారట కూడా...”

నత్త గడ్డంతో బొత్తాం నొక్కాడు. నొక్కి పట్టుకున్నాడు. తన గుండె దగ్గర ఎర్రటి వెలుగు లేచి, ఎదురుగా ఉన్న నకిలీ ఉక్కు గోడ మీద పడటం కనబడుతోంది. ఇన్‌స్పెక్టర్‌కి కనబడటం లేదు. ఆయన వీపు ఇటే ఉంది. ఆయన నవ్వుతున్నాడు. డబ్బాలో మనిషి ఉన్నాడన్న సంగతే ఆయనకి గుర్తు లేదు.

వడ్రంగి చచ్చిన రోజు కమ్మీ గురించి మాట్లాడుకున్నవాళ్లకీ ఇలాగే గుర్తు లేదు. పాత బొమ్మలో లేదని కమ్మీని డైరెక్టరే తీయించిన సంగతి తాత విన్నాడు. విని, ఊరికి చెప్పకుండా, తనకి ఒకప్పుడు గాలిచ్చిన పిల్లాడికే చెప్పాడు, ఒప్పుకోమని. ఆ పిల్లాడు పొద్దున వచ్చి అదే చేతుల్తో వాటేసుకున్నాడు. అదే కుడి చెయ్యి అక్కడికే పాకింది. అప్పుడు తెరిచిన చెయ్యి.

కళ్ల ముందు చీలిక మసకబారింది. చెవుల్లో హోరు మొదలైంది. మోచేతులు వంగలేదు, కాళ్లు బరువు. ఒక్కటే దారి ఉంది, మొత్తం ఒళ్లు ముందుకి వాల్చి పడిపోవడం. తాత స్పృహ తప్పి పడలేదని నత్తకి అప్పుడు తెలిసింది. ఎవరూ దీపం చూడకపోతే, కనీసం చప్పుడైనా వింటారని పడ్డాడు.

నత్త ముందుకి వాలాడు.

ఎవరివో చేతులు వెనక నించి నడుముని గట్టిగా పట్టుకున్నాయి. మెడ కింద రేకు తలుపు టక్కుమంది. గాలి పాములా బుస్సుమంటూ లోపలికి దూరింది. ఒక గొళ్లెం ఊడింది, ఇంకోటి ఊడింది. దూరంగా ఆడ కానిస్టేబుల్ ఆగమని కేకేస్తోంది.

“గుమ్మం దాకా వెళ్లి వెనక్కి చూశానండీ,” తాత కూతురు ఆయాసపడుతూ అంటోంది. “అలవాటు. ఎప్పుడూ చూస్తాను. దీపం ఆరట్లేదు.”

నత్త తొడుగులోంచి మోకాళ్ల మీద బయటికి పడ్డాడు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ పట్టుకుని నోరు తెరిచి చూస్తున్నాడు. నత్త పాక్కుంటూ వెళ్లి ఆయన చొక్కా పట్టుకున్నాడు.

“ఆస్పత్రికి... నీ మనిషికి ఫోన్ చెయ్యి. లోపలికి వెళ్లమను. పొద్దున వాటేసుకున్నప్పుడే కుక్కాడు.”

“ఎవరు? ఏం కుక్కాడు?”

“దీపం అర్థం ఆయనకి తెలీదన్నావు. ఆ దీపం చూసి తలుపు తీసే పని చిన్నప్పుడు ఆయనదే. చెయ్యరా ఫోన్.”

ఇన్‌స్పెక్టర్ మొహంలో రక్తం దిగిపోవడం నత్త చూశాడు. గురువుగారూ అనబోయి అనలేకపోయాడు. నంబరు నొక్కి, స్పీకర్ పెట్టాడు. ఒకసారి మోగింది. రెండోసారి మోగింది. తాత కూతురు రెండు చేతులూ నోటి మీద పెట్టుకుని నిలబడింది.

“సార్,” అంది అవతల కానిస్టేబుల్ కుర్ర గొంతు. గుసగుసగా, భక్తిగా.

“డైరెక్టర్ గారు వచ్చారా?”

“వచ్చేశారు సార్. లోపలే ఉన్నారు. నేను అద్దంలోంచి చూస్తున్నా సార్.” గొంతు ఇంకా తగ్గింది. “ఎంత ప్రేమ సార్ ఆయనకి. మంచం మీదకి ఒంగి, తాతని గట్టిగా వాటేసుకున్నారు.”